పన్నెండో మూట

సిలువక్కకి తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, అది హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా కనపడదు. ఆసుపత్రి మొత్తానికి ఆమె సిలువక్కే. నేలమాళిగలోని ఆవిరి గదిలో, ఆపరేషన్లకి వాడే కత్తెరలూ పటకార్లూ గుడ్డలో మూటకట్టి, టేపు అంటించి, ఆవిరి మిషన్‌కి పంపడం ఆమె పని. మిషన్‌లోంచి బయటికి వచ్చాక టేపు మీది లేత గీతలు నల్లబడ్డాయో లేదో చూడాలి. నల్లబడితే ఆవిరి బాగా తగిలినట్టు. లేత రంగులోనే ఉంటే ఆ మూట పనికిరానట్టు. చూసినవాళ్ళు చూసినట్టు టేపు మీద గుర్తు పెట్టాలి. మిగతా షిఫ్టుల వాళ్ళు పొట్టి సంతకం గీకుతారు. ఈమె మాత్రం పదకొండేళ్ళుగా నీలం పెన్నుతో చిన్న సిలువ వేస్తుంది.

చేరిన కొత్తలో ఎవరో అడిగారు, ఎందుకలా అని. "నేను చూశానని మీకు తెలియడానికైతే సంతకం చాలు. ఎవరు చూస్తుండగా చూశానో నాకు గుర్తుండాలి కదా" అంది. ఆ మాట ఇన్‌ఛార్జి సిస్టర్‌కి నచ్చింది. పైన ఆపరేషన్ థియేటర్ వాళ్ళకి మరీ నచ్చింది. సిలువ ఉన్న మూటైతే గీతల వంక చూసే పనే లేదని వాళ్ళకో ధీమా ఏర్పడిపోయింది. నిజం చెప్పొద్దూ, ఆ ధీమా అంటే సిలువక్కకీ లోలోపల కాస్త మురిపెమే.

ఆ గురువారం పొద్దున థియేటర్ సిస్టర్ స్వయంగా మెట్లు దిగి వచ్చింది. ఆవిడ కిందికి రావడమే వింత. చేతిలో చిన్న స్టీలు పళ్ళెం, పళ్ళెంలో వేలెడంత కాగితం పట్టీ. ప్రతి మూట లోపలా అలాంటి పట్టీ ఒకటి పెడతారు, ఆవిరి తగిలితే అదీ నల్లబడుతుంది. ఇది తెల్లగానే ఉంది.

"ఇంకో నిమిషమైతే ఆపరేషన్‌కొచ్చిన పెద్దాయనకి మత్తు ఇచ్చేసేవాళ్ళు. మూట విప్పి చూద్దును కదా, ఇది. వేరే మూట తెప్పించి మధ్యాహ్నానికి మార్చాం. ఆయన అదృష్టం బాగుంది."

ఇన్‌ఛార్జి సిస్టర్ మొహంలో రంగు మారింది. "ఎవరి మూట?"

"సిలువ ఉంది సిస్టర్. అందుకే గీతలు చూడకుండా టేపు చింపేశాను. టేపు చెత్తలో పోయింది."

గదిలో ఉన్న నలుగురూ సిలువక్క వంక చూశారు. ఆ చూపుల్లో అనుమానం లేదు. జాలి ఉంది, నీకెంత కష్టం వచ్చిందమ్మా అన్నట్టు. ఇన్‌ఛార్జి సిస్టర్ కూడా ఒక్క క్షణం చూసి, తల మిషన్ వైపు తిప్పింది. మిషన్ పక్కన ఆవిరి బాబాయ్ నిలబడి ఉన్నాడు.

ఆవిరి బాబాయ్ ఇరవై ఏళ్ళుగా ఆ మిషన్ నడుపుతున్నాడు, అదీ కాంట్రాక్టు మీదే. పనిలో వంక పెట్టలేరు గానీ నోటికి తాళం లేదు. డాక్టరైనా సరే, స్వీపరైనా సరే, ఒకే వేళాకోళం. సిలువక్కని "పాస్టరమ్మా" అని పిలుస్తాడు. మిషన్ మొరాయించినప్పుడల్లా "పాస్టరమ్మా, దీనికి దయ్యం పట్టింది, వచ్చి వదిలించు" అని కేకేస్తాడు. అలాంటి మనిషికి ఆపదొస్తే అయ్యో అనేవాళ్ళు తక్కువ.

"ఏవయ్యా, నిన్న రెండో లోడులో ఎన్ని పెట్టావు?" అని అడిగింది ఇన్‌ఛార్జి సిస్టర్.

"పదకొండు."

"చీటీలో పన్నెండు ఉంది. కింద నీ సంతకం ఉంది."

"సంతకం పెట్టాను గానీ చదవలేదు సిస్టర్. కళ్ళజోడు జేబులో ఉండిపోయింది. అయినా దాంట్లో పట్టేదే పదకొండు. పన్నెండోది పెట్టాలంటే నేను కూడా లోపలికెళ్ళి ఒళ్ళో పెట్టుకుని కూచోవాలి."

సామాను కడిగే తొట్ల దగ్గర నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఇన్‌ఛార్జి సిస్టర్ నవ్వలేదు. "కుక్కి పెట్టి ఉంటావు. అడుగున ఉన్నదానికి ఆవిరి అంది ఉండదు."

"కుక్కలేదు."

"అయితే అక్క దొంగలెక్క రాసిందంటావా?"

అతను సిలువక్క వంక చూశాడు. ఆమె బల్ల వంక చూసింది. "నేను పన్నెండు కట్టాను సిస్టర్" అంది. అందులో అబద్ధం లేదు. పన్నెండు కట్టిన మాట నిజమే.

మధ్యాహ్నానికల్లా తేలిపోయింది. శనివారంతో ఆవిరి బాబాయ్ గుర్తింపు కార్డు ఇచ్చేసి వెళ్ళిపోవాలి. ఆ కబురు విని అతను ఏమీ అనలేదు. అదే అందరికీ వింతగా తోచింది. మిషన్ తలుపు రబ్బరు అంచుని తడిగుడ్డతో చుట్టూ తుడిచాడు. తుడిచిందే ఇంకోసారి తుడిచాడు.

*

శుక్రవారం పొద్దున, బుధవారం నాటి మూటలన్నీ వెనక్కి వచ్చాయి. అనుమానం వచ్చాక ఒక్కటీ వాడకూడదని నియమం. అన్నీ విప్పి, కొత్త గుడ్డల్లో కట్టి, మళ్ళీ మిషన్‌లో పెట్టాలి. సిలువక్క ముందున్న బల్ల మీద వాటిని వరసగా పేర్చారు. వాటి పక్కనే మంగళవారం నాటివి రెండు మిగిలి ఉన్నాయి.

ఆమె మొదటి మూట టేపు కొస గోరుతో లేపింది. లేపిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మంగళవారం మూటల మీద సిలువ గీసింది గీసినట్టే, సన్నగా, నీలంగా ఉంది. బుధవారం మూటల మీద అలుక్కుపోయి ఉంది. సిరా చెదిరి, గోధుమరంగు తిరిగి, గీతల మధ్యకి పాకింది. ఒకటి కాదు, అన్నింటి మీదా అంతే. ఆవిరి తగిలితే సిరా అలాగే అలుక్కుపోతుంది. అంటే మిషన్‌లోకి పోకముందే గుర్తులు పడ్డాయి. చూసి వెయ్యాల్సిన సిలువలు చూడకముందే వేసింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె చుట్టూ చూసింది. ఎవరూ ఇటు చూడటం లేదు. ఆ చెదిరిన సిరాలో ఏముందో చదవగలిగింది ఈ భూమ్మీద ఆమె ఒక్కతే. అప్పుడు బుధవారం మధ్యాహ్నం మొత్తం కళ్ళముందుకి వచ్చింది.

బుధవారం ఒంటిగంటకి మెట్ల పక్క స్టోరు గదిలో ప్రార్థన. ఆసుపత్రిలో పనిచేసే విశ్వాసులు ఐదారుగురు చేరతారు. ఆ వారం ప్రార్థన నడిపించే వంతు సిలువక్కది. లోడు బయటికి వచ్చేసరికి ఒంటిగంట దాటుతుంది, అప్పుడు కూచుని పన్నెండు గుర్తులు పెట్టాలంటే ఆలస్యమైపోతుంది. అందుకని ముందే గబగబా వేసేసింది. ఎలాగూ నల్లబడతాయి కదా, పదకొండేళ్ళలో ఎప్పుడు నల్లబడలేదు గనక! పదకొండు మూటలు బండి మీద వెళ్ళిపోయాయి. పన్నెండోదానికి కత్తెరలు తొట్టి దగ్గర నుంచి ఆలస్యంగా వచ్చాయి. కట్టింది, సిలువ వేసింది, చీటీలో పన్నెండు అని రాసింది, దాన్ని చేత్తో తీసుకెళ్ళి బండి మీద పెడదామనుకుంది. ఇంతలో ప్రార్థనకొచ్చే వాళ్ళలో పెద్దదైన పెద్దక్క గుమ్మంలోంచి "సిలువక్కా, అందరం వచ్చేశాం" అంది. మూట బల్ల కొసన ఉండిపోయింది.

తిరిగి వచ్చేసరికి చల్లారిన మూటలు బల్ల మీదికి చేరి ఉన్నాయి. అన్నింటినీ అలమారలో సర్దింది. పెదవుల మీద పాట ఇంకా ఆడుతూనే ఉంది. గీతలు చూడలేదు. సిలువలు ఉన్నాయి కదా. ఎవరో నమ్మకస్తులు చూసే ఉంటారు కదా!

ఆవిరి బాబాయ్ పెట్టింది పదకొండే. పన్నెండోదాన్ని అలమారలో పెట్టిన చేతులు ఇవే.

టేపు మొత్తం ఊడదీసి ఉండచుట్టింది. ఒక్కో మూట విప్పుతూ, ఒక్కో టేపు ఉండచుట్టి చెత్తబుట్టలో వేసింది. చివరి టేపు మాత్రం వెయ్యబుద్ధి కాలేదు. మడిచి జేబులో పెట్టుకుంది. దాచడానికో, చూపించడానికో అప్పటికి ఆమెకే తెలియదు.

*

వార్డులో గుమాస్తాగా చేసే పెద్దక్కకి మధ్యాహ్నం స్టోరు గదిలో చెప్పింది. పెద్దక్క తలుపు దగ్గరగా వేసింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఎవరింట్లో జబ్బు చేసినా ముందుగా పరిగెత్తే మనిషి.

"నువ్వు కావాలని చెయ్యలేదు. ప్రార్థన తొందరలో చేశావు. దేవుడికి తెలియదా?"

"దేవుడికి తెలుసు పెద్దక్కా. సిస్టర్‌కే తెలియదు."

"సిస్టర్‌కి తెలిస్తే ఏమవుతుందో ఆలోచించు. ఈ గది తీసేసుకుంటారు. ప్రార్థనల పేరు చెప్పి పనులు ఎగ్గొడతారని అంటారు. విశ్వాసులంటే ఇలా ఉంటారని మనం బతికి చూపించిన ఇన్నేళ్ళ సాక్ష్యం ఒక్క పూటలో మట్టిలో కలిసిపోతుంది. నిన్ను చూసి కాదు, దేవుణ్ణి చూసి నవ్వుతారు. ఆ మిషనాయన మరీను. జన్మంతా చెప్పుకు నవ్వుతాడు."

"ఆయనకి పని పోతోంది పెద్దక్కా."

"ఆయన కోసం ప్రార్థిద్దాం. ఇంకో చోట మంచి పని దొరకాలని ఉపవాసం ఉందాం. సరేనా?"

సిలువక్క సరేనంది. ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు. పెద్దక్క ఆవిరి బాబాయ్ కోసం చక్కగా, మనసారా ప్రార్థించింది. సిలువక్క చివర్న ఆమెన్ అనబోతే నోట్లోంచి మాట రాలేదు. ఊరికే తలూపింది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు కిటికీ పక్కన కూచుని పాత దుప్పటి అంచు కుడుతోంది. నలభై ఏళ్ళు కుట్టుపని చేసిన మనిషి, ఇప్పటికీ సూదిలో దారం తనే ఎక్కించుకుంటుంది. ఆవిడ ఆదివారం చర్చిలో ఆఖరి బెంచీలో కూచుంటుంది. ప్రసంగం సాగితే కునుకు తీస్తుంది. ఆవిడ భక్తి మీద సిలువక్కకి పెద్ద నమ్మకం లేదు.

"ఏంటమ్మాయ్, మొహం అలా వేలాడేశావు? ఎవరికేమైంది?"

ఎవరితోనూ అనకూడదనుకుంటూనే మొత్తం చెప్పేసింది. పెద్దక్క అన్న మాటలు కూడా చెప్పింది. అత్తగారు విన్నంతసేపూ కుడుతూనే ఉంది.

"అయితే దేవుడి పేరు పాడైపోతుందని భయమా?"

"అవునత్తయ్యా."

"నీ పేరు కాదు?"

అత్తగారు ముడి వేసి, దారం పంటితో కొరికింది. "దేవుడి పేరు కాపాడ్డానికి నువ్వెవరివే? నువ్వు పుట్టకముందు నుంచీ ఆయన పేరు ఆయన చూసుకుంటున్నాడు. నిన్ను చూసుకోమన్నది మూటలు. అవేమో చూడలేదు." దుప్పటి దులిపి వెలుతురుకి పట్టి చూసింది. "నేను కొట్లో కుట్టేటప్పుడు ఒకసారి చొక్కా చెయ్యి తిరగేసి కుట్టేశాను. ఆ తప్పు పక్క మిషన్ పిల్ల మీదికి పోయింది. నేను నోరు మెదపలేదు. నలభై ఏళ్ళయింది. ఇప్పటికీ కునుకు పట్టే ముందు ఆ పిల్ల మొహం కనపడుతుంది. చర్చిలో కునుకు తీస్తానని నువ్వు గొణుక్కుంటావు గానీ, నాకు నిద్ర సరిగా పట్టేది అక్కడే."

సిలువక్కకి ఏడుపొచ్చేసింది. తన కోసమా, ఆ పిల్ల కోసమా, ఇన్నేళ్ళూ ఆఖరి బెంచీ వైపు చిన్నచూపు చూసినందుకా, విడదీసి చెప్పలేకపోయింది. అత్తగారు ఓదార్చలేదు. "పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి, చూడు" అంది.

*

శనివారం పొద్దున షిఫ్టు మారేటప్పుడు అందరూ ఒక్కచోట నిలబడతారు. దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళకి ఏమున్నాయో, ఏం లేవో అప్పజెప్పాలి. ఇన్‌ఛార్జి సిస్టర్ చేతిలో పుస్తకం ఉంది. ఆవిరి బాబాయ్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. మెడలో వేసుకునే గుర్తింపు కార్డు తాడు చేతికి చుట్టుకుని ఉన్నాడు, అడగ్గానే ఇచ్చెయ్యడానికి సిద్ధంగా.

"సిస్టర్, నేనొక మాట చెప్పాలి" అంది సిలువక్క.

"తర్వాత చెబుదువుగానిలే."

"తర్వాతైతే చెప్పలేను సిస్టర్."

జేబులోంచి మడిచిన టేపు తీసి బల్ల మీద పరిచింది. టేపు వేలికి అంటుకుని ఒక పట్టాన ఊడి రాలేదు. "ఇది బుధవారంది. సిలువ అలుక్కుపోయింది చూడండి. ముందే వేసేశాను. ప్రార్థనకి టైమైపోతోందని, చూడకుండా వేసేశాను. పన్నెండోది మిషన్‌లోకి వెళ్ళనే లేదు. బల్ల మీదే మర్చిపోయాను. వచ్చాక నేనే అలమారలో పెట్టాను. బాబాయ్ పెట్టింది పదకొండే. ఆయన చెప్పింది నిజం."

ఇన్‌ఛార్జి సిస్టర్ టేపు తీసి చూసింది, కింద పెట్టింది, మళ్ళీ తీసింది. అరిస్తే బాగుండేది. ఆవిడ నెమ్మదిగా మాట్లాడింది.

"నీ గుర్తు చూసి థియేటర్‌లో వాళ్ళు కళ్ళు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను."

"అవును సిస్టర్."

"ఇంకెప్పుడూ ఆ గుర్తు వెయ్యకు. ఎవరైనా సరే, నంబరు వెయ్యండి. మూట కట్టే బల్ల కూడా నీకు వద్దు. మూడు నెలలు తొట్ల దగ్గరుండు. పైవాళ్ళకి రాయాల్సింది రాస్తాను, ఆ తర్వాత వాళ్ళిష్టం." ఆవిడ పుస్తకం మూసింది. "స్టోరు గది తాళం కూడా ఇచ్చెయ్యమని మీవాళ్ళకి చెప్పు."

అదీ జరిగింది. పెద్దక్క చెప్పినట్టే జరిగింది.

ఆవిరి బాబాయ్ చేతికి చుట్టుకున్న తాడు విప్పి మెడలో వేసుకున్నాడు. సిలువక్క అతని దగ్గరికి వెళ్ళి "క్షమించు బాబాయ్" అంది. వేళాకోళం చేస్తాడనుకుంది. అదైనా భరిద్దామనుకుంది. అతను చెయ్యలేదు.

"రెండు రోజులు మా ఆవిడ మొహం చూడలేదు నేను. ఇరవై ఏళ్ళ పని చూసింది, తను కూడా నమ్మలేదు. 'కుక్కి పెట్టావేమో, గుర్తు తెచ్చుకో' అంది. నాకే అనుమానం వచ్చేసింది, తెలుసా? పదకొండు పెట్టానా, పన్నెండా అని." మెడలో కార్డు సరిచేసుకున్నాడు. "ఇవాళ క్షమించానని అనలేను. చూద్దాం." మిషన్ వైపు వెళ్ళిపోయాడు. ఆ మాట న్యాయమే అనిపించింది సిలువక్కకి.

*

తొట్ల దగ్గర పని వేరు. నడుముకి రబ్బరు గుడ్డ, మోచేతుల దాకా తొడుగులు. కత్తెర తెరిచి, రెండు ఆకులూ కలిసే కీలు దగ్గర సన్న బ్రష్‌తో తోమాలి. మురికంతా అక్కడే నక్కి ఉంటుంది, పైకి తళతళలాడుతూనే. తోమి, నీళ్ళకింద పెట్టి, దీపం కింద తిప్పి చూడాలి. ఇక్కడ గుర్తు వెయ్యడానికి టేపూ లేదు, పెన్నూ లేదు. తోమింది ఎవరో పైన ఎవరికీ తెలియదు.

సోమవారం థియేటర్ సిస్టర్ ఫోన్ చేసి, ఇకనుంచి ప్రతి మూటా గీతలు చూసే విప్పుతున్నామని ఇన్‌ఛార్జి సిస్టర్‌కి చెప్పిందట. మంగళవారం ఒక మూట గీతలు అనుమానంగా ఉన్నాయని వెనక్కి పంపింది కూడా. పదకొండేళ్ళలో ఆవిడ గీతలు చూసి వెనక్కి పంపిన మొదటి మూట అదే. ఆ కబురు విని సిలువక్కకి సిగ్గుతో పాటు ఏదో తేలిక కూడా కలిగింది.

బుధవారం ఒంటిగంట కావొస్తోంది. స్టోరు గది పోయాక పెద్దక్క వాళ్ళు వెనక మెట్ల మీద కూచుంటున్నారని తెలిసింది. పెద్దక్క ఈమెతో మాట్లాడటం మానలేదు గానీ, ఎప్పటిలా మాత్రం మాట్లాడటం లేదు. తొట్టిలో ఇంకా ఒక పళ్ళెం నిండా సామాను ఉంది. సిలువక్క గడియారం వంక చూసి, బ్రష్ అందుకుంది.

"ప్రార్థనకి పోవా?"

ఆవిరి బాబాయ్. శనివారం తర్వాత అతను ఆమెతో అన్న మొదటి మాట అది. లోడు మిషన్‌లో ఉంది, నలభై నిమిషాలు అతనికి పని లేదు.

"ఇవయ్యాక పోతాను బాబాయ్. అవకపోతే లేదు."

అతను గోడకున్న తొడుగులు తీసుకుని, ఒక్కో వేలూ సరిగ్గా దూర్చి, పక్క తొట్టి ముందుకొచ్చాడు. కళ్ళజోడు జేబులోంచి తీసి పెట్టుకున్నాడు. ఒక పటకారు తీసి తోమడం మొదలెట్టాడు. ఇరవై ఏళ్ళలో అతను తొట్టి ముట్టుకున్నది ఎవరూ చూడలేదు.

"మీ ప్రార్థనలో మోకాళ్ళ నొప్పులకి కూడా చేస్తారా, పెద్ద పెద్ద జబ్బులకేనా?"

"అన్నిటికీ చేస్తాం."

"ఎడమ మోకాలు. మెట్లెక్కుతుంటే ప్రాణం పోతోంది. కాంట్రాక్టు మనిషికి అరిగిపోయిన మోకాలుందని తెలిస్తే పని పీకేస్తారని ఎవరికీ చెప్పలేదు. నువ్వూ చెప్పకు."

"చెప్పను. మెట్ల మీదికి వెళ్ళినప్పుడు పేరు లేకుండా..."

"అక్కడెందుకు, ఇక్కడే కానీ. ఏం చెబుతావో నేనూ వినాలిగా. అడిగేది సరిగా అడుగుతున్నావో లేదో." బ్రష్ నీళ్ళలో ముంచాడు. "చేతులాపకు మరి. సామాను అలాగే ఉంది."

సిలువక్క అలవాటుగా కళ్ళు మూసుకోబోయింది. చేతిలో కత్తెర తెరిచి ఉంది. కళ్ళు తెరిచే ఉంచింది. కీలు దగ్గర బ్రష్ ఆడిస్తూ, ఎడమ మోకాలి గురించి దేవుడికి చెప్పింది. మెట్ల గురించి చెప్పింది. రెండు రోజులు మొహం చూసుకోలేకపోయిన మొగుడూపెళ్ళాల గురించి చెప్పింది. నలభై ఏళ్ళ కిందటి, తనెప్పుడూ చూడని కుట్టు మిషన్ పిల్ల గురించి కూడా చెప్పింది. పాటలాగా కాదు, పక్క మనిషితో మాట్లాడుతున్నట్టే వచ్చింది. పక్కన పటకారు తోముతున్న చప్పుడు ఆగలేదు. ఆమె ఆమెన్ అంది.

ఆవిరి బాబాయ్ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, ఆమె చేతిలో కత్తెర అందుకుని, దీపం కింద అటూ ఇటూ తిప్పాడు.

"కీలు లోపల ఇంకా కాస్త ఉంది, పాస్టరమ్మా" అని తిరిగిచ్చాడు.

ఉంది. ఆమె మళ్ళీ తోమింది.